తోడు లేని ఊరు

పేరమ్మపేట మునిసిపల్ కమిషనరు త్రివిక్రమరావు గారు సదస్సులకు వెళ్లనంతకాలం ఊరు సుఖంగానే ఉంది. ఆయన వెళ్లింది కూడా ఒక్క సదస్సుకే. అది సముద్రం ఒడ్డున చల్లటి హాలులో జరిగింది. ఇళ్లలో నిల్వ ఉంచే తిండిలో చేరే పురుగుల గురించి, సూక్ష్మజీవుల గురించి ఎవరో పెద్దాయన మాట్లాడుతూ తెర మీద ముక్కుపురుగును ఏనుగంత చేసి చూపించాడు. ఆ ముక్కు చూసి కమిషనరు గారు జడుసుకున్నారు. ఆ జడుపు ఊరికి తిరిగి వచ్చేలోగా పథకంగా మారింది. దాని పేరు 'సజీవరహిత వంటగది'.

"మనం తినే డబ్బాలో మన ఆహారం మాత్రమే ఉండాలి. అందులో మరే ప్రాణి నివాసం ఉండరాదు. ఉన్నచో అది అనధికార నివాసం," అని ఆయన సిబ్బంది సమావేశంలో ప్రకటించారు.

వెనక వరసలో కూర్చున్న శానిటరీ ఇన్‌స్పెక్టర్ గంటి సోమలింగం ఆ మాటలు శ్రద్ధగా రాసుకున్నాడు. కాలవల పూడిక, పందుల బెడద, దోమల పొగ, ఇదీ అంతవరకూ అతని లోకం. మెత్తటి మనిషి. పైనుంచి ఏ ఉత్తర్వు వస్తే అది అమలు చేసేవాడు తప్ప, ఇచ్చినవాడి బుద్ధిని శంకించే అలవాటు లేనివాడు. అందుకే కమిషనరు గారి చూపు అతని మీద పడింది. ఆ సాయంత్రానికల్లా సోమలింగం 'గృహ నిల్వాహార జీవజాల నిర్మూలనాధికారి, అదనపు బాధ్యతలు' అయి, ఒక భూతద్దం, ఒక టార్చిలైటు, మెడలో వేసుకునే ఈలతో ఇంటికి చేరాడు.

"ఈల దేనికండీ?" అని అడిగింది అతని భార్య శేషారత్నం.

"పురుగు కనబడితే ఊదాలట."

"ఊదితే అది ఆగుతుందా?"

సోమలింగం ఉత్తర్వు తిరగేశాడు. ఉత్తర్వులో ఆ సంగతి లేదు.

మర్నాడు తనిఖీలు మొదలయ్యాయి. మొదటి ఇల్లు అతని వీధిలోనే ఉండే మంగాయమ్మ గారిది. ఆవిడ తమ్ముడు పొలం నుంచి పంపిన బియ్యాన్ని పెద్ద డ్రమ్ములో పోసుకుని ఏడాదంతా వండుకుంటుంది. సోమలింగం మూత తీసి భూతద్దం పెట్టి చూశాడు. గింజల మధ్య నల్లటి ముక్కుపురుగులు తీరుబడిగా తిరుగుతున్నాయి. అతను మొహమాటపడుతూనే ఈల ఊదాడు.

"ఏవిటి నాయనా, మా వంటింట్లో కబడ్డీ ఆడుతున్నావా?" అంది మంగాయమ్మ గారు.

"పురుగులున్నాయి పిన్నిగారూ."

"ఉండవూ మరి? ముసురు పట్టి ఎన్నాళ్లయిందీ. ఇవాళ కాస్త ఎండ కాసింది. మేడ మీద పోసి, చెరిగి, నాలుగు వేపాకు రెబ్బలు వేసేస్తే అవే పోతాయి."

సోమలింగం గొంతు సవరించుకుని ఉత్తర్వు చదివాడు. పురుగు దొరికిన ధాన్యాన్ని ఎండబోయడం సాక్ష్యాన్ని తరిమివేయడం కిందికి వస్తుంది. చేటతో చెరగడం సాక్ష్యాన్ని చెదరగొట్టడం. వేపాకు వేయడం లైసెన్సు లేకుండా పురుగుమందు వాడటం. జిల్లా కేంద్రంలోని ప్రయోగశాల ఆ పురుగు ఏ జాతిదో, ఎక్కడినుంచి వచ్చిందో తేల్చేవరకు ధాన్యాన్ని యథాస్థితిలో ఉంచాలి.

"ముక్కుపురుగని నేనే తేల్చేశాను కదయ్యా," అంది ఆవిడ.

"మీరు తేలిస్తే చెల్లదు పిన్నిగారూ."

డ్రమ్ముకు ఎర్ర టేపు చుట్టి లక్కముద్ర వేసి అతను బయటికి నడిచాడు. వెనకనుంచి ఆవిడ, "మధ్యాన్నం అన్నానికి ఆఫీసుకే రమ్మంటావా?" అని అడగడం వినబడింది. వినబడనట్టే నడిచాడు.

పక్షం తిరిగేసరికి ఊళ్లో సీలు పడని డబ్బా కనబడటం కష్టమైపోయింది. కందిపప్పు పుచ్చిందని ఒకచోట, గోధుమపిండిలో పెంకుపురుగులున్నాయని ఒకచోట, బొంబాయి రవ్వలో తుట్టె కట్టిందని మరొకచోట సోమలింగం ఈల మోగుతూనే ఉంది. ప్రయోగశాల నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పంపిన పురుగులు దారిలో చచ్చిపోయాయని, ఈసారి సజీవంగా పంపమని ఒక్క జాబు వచ్చింది.

ఈలోగా పురుగులు తమ పని తాము చేసుకుపోయాయి. ఎండ లేదు, చేట లేదు, వేపాకు వాసన అసలే లేదు. లక్కముద్ర వేసి కాపలా పెట్టిన బియ్యంలో వాటికి జరిగినంత మర్యాద ఏ అల్లుడికీ జరిగి ఉండదు. సోమలింగం మళ్లీ తనిఖీకి వెళ్లినప్పుడు మంగాయమ్మ గారి డ్రమ్ము చెవి పెట్టి వింటే గుసగుసలాడుతోంది.

"నువ్వు సీలు వేసిననాడు గుప్పెడు పురుగులు. ఇవాళ చూడు నాయనా, మొత్తం వంశమే దిగింది. వీటికి నన్ను బాధ్యురాల్ని చేస్తానంటే మాత్రం ఊరుకోను. నా డ్రమ్ముకి తాళం వేసింది మీరు," అంది ఆవిడ.

మాటలో న్యాయం ఉందని సోమలింగానికి తోచింది. తోచినది తోచినట్టు కమిషనరు గారికి నివేదించాడు. త్రివిక్రమరావు గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, వివరణ ఉత్తర్వు చెప్పి రాయించారు. "సీలు వేయుటకు పూర్వమున్న పురుగులు గృహస్థుని బాధ్యత. సీలు వేసిన పిదప జన్మించిన పురుగులు పురపాలక సంఘపు సంరక్షణలో జన్మించినవి గనుక పురపాలక సంఘపు ఆస్తి. వాటికి హాని తలపెట్టినవారు ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసినవారగుదురు."

"ఏది ముందు పుట్టిందో, ఏది తర్వాత పుట్టిందో ఎలా తెలుస్తుందండి?" అని సోమలింగం నసిగాడు.

"తెలియదు. కనుక దేనినీ చంపరాదు," అన్నారు కమిషనరు గారు.

ఆ ఉత్తర్వు తెలిసిన రోజున మంగాయమ్మ గారు ఒక మాటే అంది. "సరే నాయనా. మీ పిల్లలు మా బియ్యం తింటున్నారు. రేపు వాటికి పెళ్లిళ్లు కూడా నన్నే చెయ్యమనకండి."

జనం బతకనేర్చినవాళ్లు. నిల్వ ఉంటేనే కదా పురుగు, పురుగు ఉంటేనే కదా సీలు. ఏ పూట బియ్యం ఆ పూట కొట్టునుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. పొద్దున్న గ్లాసుడు కందిపప్పు, సాయంత్రం దోసెడు రవ్వ. సీలు పడ్డ డబ్బాలు అటకెక్కాయి, మిగతావన్నీ బోర్లించి ఉన్నాయి. తనిఖీకి వెళ్తే వంటిళ్లు కొత్తగా కట్టిన సత్రం గదుల్లా మెరుస్తున్నాయి. సోమలింగం ఈల తుప్పు పట్టింది.

పథకం విజయవంతమైందని కమిషనరు గారు సంతోషించవలసింది. ఆయన మాత్రం దిగులు పడ్డారు. రాష్ట్రం నుంచి ఆదర్శ పట్టణాల ఎంపిక బృందం రాబోతోంది. పురుగులు లేని పట్టణాలు ఇంకా ఉండొచ్చు. పేరమ్మపేట వాటిని మించాలి. సదస్సులో పురుగు తర్వాత చూపించిన బొమ్మలు ఆయనకు గుర్తొచ్చాయి. వెంటనే ఒక సూక్ష్మదర్శిని తెప్పించారు.

దాన్ని కమిషనరు గారి గదిలో బల్ల మీద పెట్టారు. కింద చూడటానికి ఏదైనా కావాలి. ఎదురుగా సోమలింగం భోజనం క్యారియర్ ఉంది. అందులో అడుగు గిన్నెలో పెరుగు ఉంది. కమిషనరు గారు చెంచా మొనతో ఒక చుక్క తీసి అద్దం పలక మీద పెట్టి కన్నానించారు. చాలాసేపు ఆనించే ఉంచారు. తల ఎత్తేసరికి ఆయన మొహం పాలిపోయి ఉంది.

"సోమలింగం, దీన్ని మీరు రోజూ తింటారా?"

"రెండు పూటలా అండి. ఆదివారం మూడు పూటలు."

"చూడండి."

సోమలింగం చూశాడు. సన్నటి పుల్లల్లాంటివి, పూసల దండల్లాంటివి, లెక్కపెట్టలేనన్ని. తన పొట్ట నిమురుకున్నాడు.

"ఒక్క చుక్కలో ఒక రాష్ట్రపు జనాభా ఉంది. మన గృహిణులు ప్రతి సాయంత్రం బుద్ధిపూర్వకంగా, గోరువెచ్చటి పాలలో వీటిని పోసి, మూతపెట్టి, కదపకుండా పెంచుతున్నారు. దీనికి తోడు పెట్టడమని ముద్దుపేరు కూడా ఉంది," అన్నారు కమిషనరు గారు. ఆయన గొంతులో బాధ ఉంది. నిజమైన బాధే.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. గృహములలో పాలు తోడు పెట్టుట సూక్ష్మజీవుల అనధికార పెంపకము. పొరుగింటికి తోడు ఇచ్చుట జీవజాల బదిలీ. పిండి పులియబెట్టుట ప్రేరేపణ. బజారులో పెరుగు అమ్మకం సరేసరి.

విసర్జన కార్యక్రమం మునిసిపల్ మైదానంలో జరిగింది. ఆడవాళ్లు గిన్నెలు, ముంతలు, స్టీలు డబ్బాలు పట్టుకుని వరసగా వచ్చి పెద్ద గుంతలో పెరుగు ఒంపారు. కొందరు కళ్లొత్తుకున్నారు. ఒక పెద్దావిడ తన అత్తగారి కాలం నుంచి తెగకుండా వస్తున్న తోడని చెప్పి, చివరిసారి వాసన చూసి ఒంపింది. సోమలింగం పక్కన నిలబడి ఎవరు ఒంపారో, ఎవరు ఒంపలేదో చూస్తున్నాడు. శేషారత్నం కూడా గిన్నెతో వచ్చింది. అతని వైపు చూడకుండా ఒంపి వెళ్లిపోయింది. అధికారి ఇల్లే ముందు పాటించిందని కమిషనరు గారు చప్పట్లు కొట్టారు. ఆ వారమంతా ఊళ్లో పిల్లులు, కుక్కలు తగువులాడుకోవడం మానేశాయి.

తర్వాత రోజులు గడ్డుగా గడిచాయి. పేరమ్మపేటలో భోజనం మొదలయ్యేది గానీ పూర్తయ్యేది కాదు. జనం పులుసన్నం తిని, పళ్లెం ముందు అలాగే కూర్చుని, చెయ్యి ఎండిపోయాక లేచి వెళ్లేవారు. ఆవకాయ కలుపుకున్న నోటికి చల్లబడే దారి లేదు. ఇడ్లీ ఉండాల్సినచోట ఉప్మా వచ్చింది. ఉప్మా మీద ఉప్మా తిని మొగుళ్లూ పెళ్లాలూ కారణం లేకుండా కసురుకున్నారు. సోమలింగం బుగ్గలు జారాయి. అయినా నియమం తప్పలేదు. ఇంటికి వచ్చి చారన్నం తిని, నీళ్లు తాగి, గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. మూడో నాడో నాలుగో నాడో శేషారత్నం అతన్ని అలా చూసి లోపలికి వెళ్లి వచ్చింది.

"కళ్లు మూసుకోండి," అంది.

మూసుకున్నాడు. విస్తట్లో చల్లగా, మెత్తగా ఏదో పడిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"రత్నం, ఇది నేరం."

"మీరు చూశారా?"

"లేదు."

"చూడంది నేరమెలా అవుతుందండీ? కలుపుకోండి."

అతను కళ్లు తెరవకుండానే కలుపుకున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మూసిన కళ్లలోంచే నీళ్లు కారాయి. చెయ్యి కడుక్కున్నాక, "మైదానంలో ఒంపింది ఏమిటి?" అని అడిగాడు.

"మైదాపిండి కలిపిన నీళ్లు. మీ భూతద్దానికి తెలియలేదు."

ఆ తర్వాత రోజూ రాత్రి అతను కళ్లు మూసుకుని భోంచేశాడు. తోడు ఎక్కడ దాస్తోందో అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆవిడ పట్టుచీరల్లో సన్నటి పులుపు వాసన రావడం మొదలైంది. దాని గురించి కూడా అడగలేదు. కానీ ఆఫీసులో కమిషనరు గారి ఎదుట నిలబడ్డప్పుడల్లా మూతి తుడుచుకునేవాడు. నిర్మూలనాధికారి ఇంట్లోనే జీవజాలం పెరుగుతోందని తెలిస్తే ఉద్యోగం ఊడటం ఖాయం. ఈ వయసులో మరో పని వెతుక్కోవాలంటే దోమలకు పొగ పెట్టడం తప్ప అతనికి ఏమీ రాదు.

ఎంపిక బృందం వచ్చిన రోజున ఊరంతా ముగ్గులు వేశారు. బృందానికి పెద్ద జాయింట్ డైరెక్టరు ఇందుమతి గారు. తెల్ల జుట్టు, నూలు చీర, తక్కువ మాటలు. ఆవిడ వీధులు తిరిగి, ఖాళీ డబ్బాలు చూసి, బాగుంది అన్నారు. మంగాయమ్మ గారింట్లో మాత్రం సీలు వేసిన డ్రమ్ము దగ్గర ఆగి, ఇదేమిటని అడిగారు.

"మునిసిపాలిటీ వారి పురుగులమ్మా. మా బియ్యంలో పెంచుతున్నారు," అంది మంగాయమ్మ గారు.

కమిషనరు గారు ముందుకు వచ్చి వివరణ ఉత్తర్వు సారాంశం చెప్పారు. ఇందుమతి గారు సాంతం విన్నారు.

"అంటే ఇవి పురపాలక సంఘం ఆస్తి."

"అవునండి."

"అయితే ఇవి తిన్న బియ్యం ఖర్చు పురపాలక సంఘమే ఇచ్చుకోవాలి కదా. ఊరంతటికీ?"

త్రివిక్రమరావు గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆ పురుగుల మీద హక్కును పురపాలక సంఘం తక్షణం వదులుకుంటున్నదని అక్కడికక్కడే ప్రకటించారు. మంగాయమ్మ గారు మరో మాట కోసం ఆగలేదు. టేపు తెంపి, పక్కింటివాళ్లను కేకేసి, డ్రమ్మును మేడ మీదికి మోయించింది.

మునిసిపల్ హాలులో భోజనాలు ఏర్పాటు చేశారు. అరిటాకులు వేశారు. ముద్దపప్పు, గుత్తివంకాయ, దోసకాయ పచ్చడి, ముక్కల పులుసు, వడియాలు, పూర్ణాలు. వంటవాళ్లను పక్క ఊరినుంచి రప్పించారు. ఇందుమతి గారు ఒక్కొక్కటీ రుచి చూసి నిదానంగా తిన్నారు. పులుసన్నం అయ్యాక కాస్త తెల్లన్నం పెట్టించుకుని, మధ్యలో గుంట చేసి, చెయ్యి ఆకు మీద ఆనించి కూర్చున్నారు. ఎవరూ రాలేదు.

"పెరుగు రావాలనుకుంటాను," అన్నారు.

కమిషనరు గారు ఈ క్షణం కోసమే ఎదురుచూస్తున్నవారిలా లేచి నిలబడ్డారు. "అమ్మా, రాష్ట్రంలో పెరుగును సంపూర్ణంగా నిర్మూలించిన మొట్టమొదటి పట్టణం మాది. ఈ ఊరి పొలిమేరలో ఒక్క గరిటెడు తోడు కూడా లేదని సవినయంగా మనవి చేస్తున్నాను."

బృందంలోని మిగతావాళ్లు కూడా అన్నంలో గుంటలు చేసుకుని కూర్చున్నారు. ఒకరి గుంట వైపు ఒకరు చూసుకున్నారు.

"మజ్జిగ?" అన్నారు ఇందుమతి గారు.

"అది పెరుగు నుంచే పుడుతుంది కనుక..."

"త్రివిక్రమరావు గారూ, నేను ఇప్పుడు లేవాలా, కూర్చోవాలా?"

అది మామూలు ప్రశ్న కాదని కమిషనరు గారికి అర్థమైంది. పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం అయినట్టు కాదు. భోజనం కాకపోతే తనిఖీ ముగిసినట్టు కాదు. పక్క ఊరినుంచి తెప్పించేలోగా ఆవిడ చెయ్యి ఎండిపోతుంది. కమిషనరు గారు గోడ పక్కన నిలబడ్డ సోమలింగం దగ్గరికి వచ్చి చెవిలో అడిగారు.

"ఎక్కడైనా దొరుకుతుందా?"

"ఉత్తర్వు ప్రకారం దొరకదండి."

"ఉత్తర్వుకు విరుద్ధంగా?"

అబద్ధం చెబితే ఉద్యోగం నిలుస్తుంది. చెప్పకపోతే ఆ పెద్దావిడ గుంట చేసిన అన్నం ముందు అలాగే కూర్చుంటుంది. అతను ఆ అన్నం వైపు మరోసారి చూశాడు. అలా కూర్చోవడం ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

"మా ఇంట్లో ఉందండి," అన్నాడు.

కమిషనరు గారి మొహంలో కోపం, ఆశ ఒకేసారి వచ్చి, ఏది ముందు బయటపడాలో తేలక అలాగే నిలిచిపోయాయి.

"మీ ఇంట్లోనా?"

"ఆయ్. మొదటి నుంచీ ఉందండి. నేను తింటున్నానండి. కళ్లు మూసుకునే అనుకోండి."

"ఆ విషయం తర్వాత మాట్లాడదాం. ముందు స్కూటర్ తీయండి."

సోమలింగం ఇల్లు చేరేసరికి శేషారత్నం వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అతను ఆయాసపడుతూ సంగతి చెప్పాడు.

"స్వాధీనం చేసుకోవడానికి వచ్చారా, అడగడానికి వచ్చారా?" అంది ఆవిడ ఈనె తీస్తూనే.

"ఆఫీసు తరఫున స్వాధీనం చేసుకోవచ్చు. కానీ అడగడానికే వచ్చాను."

శేషారత్నం లేచి లోపలికి వెళ్లి బీరువా తెరిచింది. పెళ్లిపట్టు చీర మడతల మధ్యనుంచి రాతిచిప్ప బయటికి తీసింది. గడ్డ పెరుగు, పైన పసుపు రంగు మీగడ. దాన్నంతా స్టీలు గిన్నెలోకి మార్చబోయి ఆగింది. చిన్న గిన్నెలోకి గరిటెడు తీసి విడిగా పెట్టుకుంది.

"తోడుకి ఉంచాను. మిగతాది పట్టుకెళ్లండి. మీగడ ఆవిడకి వెయ్యండి, కమిషనరు గారికి కాదు."

హాలులో ఎవరూ కదల్లేదు. సోమలింగం గిన్నె పట్టుకుని వరస వెంట వెళ్లి, ఇందుమతి గారి అన్నం గుంటలో మీగడతో సహా వేశాడు. వేస్తూ, అలవాటు చొప్పున, "స్వాధీనం చేసుకున్న నమూనా అండి," అన్నాడు.

"పరీక్షించాలి కదా మరి," అని ఆవిడ కలుపుకుని తిన్నారు. కొంచెం ఆగి, "ఒక నమూనాతో నిర్ధారణకు రాలేం," అన్నారు. సోమలింగం మళ్లీ వేశాడు. బృందంలోని వాళ్లంతా వరసగా నిర్ధారణలు చేసుకున్నారు. గిన్నె అడుగంటే సమయానికి ఆకుల చివర్న త్రివిక్రమరావు గారు కూర్చుని ఉన్నారు. ఆయన ఏమీ అడగలేదు. అన్నంలో గుంట మాత్రం చేసి ఉంది. సోమలింగం గిన్నె గీకి ఆ గుంటలో వేశాడు. కమిషనరు గారు మొదటి ముద్ద తిని, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. మళ్లీ తలెత్తకుండా తిన్నారు.

చేతులు కడుక్కున్నాక ఇందుమతి గారు కమిషనరు గారిని పక్కకు పిలిచి తక్కువ మాటల్లోనే ఏదో చెప్పారు. ఆ సాయంత్రమే సవరణ ఉత్తర్వు వచ్చింది. పెరుగులో నివసించు జీవజాలము చిరకాల స్థానికులైనందున వారి నివాసము క్రమబద్ధీకరించడమైనది. వేపాకు, ఎండ, చేట వాడుకకు అభ్యంతరము లేదు. ఆదర్శ పట్టణం బిరుదు మరో ఊరికి పోయింది. పేరమ్మపేటలో ఎవరూ దాని గురించి కనుక్కోలేదు, ఎందుకంటే అప్పటికి వాళ్లకు అంతకంటే పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. పాలు ఉన్నాయి, అనుమతి ఉంది, తోడు లేదు. పక్క ఊరి తోడు ఈ ఊరి నోటికి ఆనదాయె. ఊరు మొత్తంలో మిగిలింది శేషారత్నం చిన్న గిన్నెలోని గరిటెడే.

ఆవిడ ఆ గరిటెడునూ పాలలో వేసింది. తోడుకున్నదాన్ని మర్నాడు ఇంకా పెద్ద పాత్రలో వేసింది. ఆ మర్నాడు పొద్దున్నే వాళ్ల ఇంటి గుమ్మం నుంచి వీధి మలుపు దాకా జనం గిన్నెలతో నిలబడ్డారు. మంగాయమ్మ గారు అందరికంటే ముందు వచ్చి, ఎండలో పోసిన బియ్యం ఎలా తేరుకుందో వెనకవాళ్లకు చెబుతోంది. శేషారత్నం గడప మీద కూర్చుని ఒక్కొక్కరికీ చెంచాడు వేసి, పాలు మరీ వేడిగా ఉండగా కలపొద్దని చెప్పి పంపిస్తోంది. సోమలింగం మెడలో ఈల లేకుండా వరస సరిచేస్తున్నాడు.

అలా సరిచేస్తూ వీధి మలుపు దాకా వెళ్లినవాడు పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చాడు.

"రత్నం, చివర్న కమిషనరు గారు నిలబడి ఉన్నారు. చేతిలో గ్లాసు ఉంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టనా?"

శేషారత్నం చేతిలోని చెంచా ఆపలేదు.

"ఆఫీసు పని మీద వచ్చారేమో కనుక్కోండి. అయితే కుర్చీ వెయ్యండి," అంది. "తోడుకైతే లైన్లోనే రమ్మనండి. అందాకా ఉంటుందిలే."